ఆదివారం హాజరు

మార్కాపురంలో నేను పొద్దున నడకకు వెళ్లే గ్రౌండులో పోలీసు ఉద్యోగం కోసం పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలు పాతిక ముప్పై మంది ఉంటారు. నేను రిటైరైన హెడ్ కానిస్టేబుల్‌నని ఎవరో వాళ్ల చెవిన వేశారు. అప్పటినుంచి నన్ను వదలరు. ఎత్తు ఎంత ఉండాలి, ఛాతీ ఎంత విరవాలి, పరుగుకు ముందు అరటిపండు తినొచ్చా, అన్నీ అడుగుతారు. లోపలికి వెళ్లాక చేయాల్సిన పని ఏమిటని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్పడం ముసలివాళ్ల అలవాటు కాబట్టి రాస్తున్నాను.

ముందే ఒక మాట. దొంగల వెంటపడి గోడలు దూకిన కథలు నా దగ్గర లేవు. నా పొట్ట చూసినవాళ్లు చెప్పినా నమ్మరు. నా సర్వీసులో ఎక్కువ భాగం స్టేషన్ రైటర్‌గానే గడిచింది. ఫిర్యాదు రాయడం, రికార్డులు సర్దడం, ఎస్సై చెప్పింది కాగితం మీద పెట్టడం రైటర్ పని. నా చేతిరాత బాగుంటుందని పేరు. బదిలీ మీద ఏ స్టేషన్‌కు వెళ్లినా రెండు రోజుల్లో నన్ను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లు. ఆ రాత చూసుకుని నేను మురిసిపోయిన రోజులు చాలా ఉన్నాయి. ఆ మురిపెం ఎక్కడ దిగిందో చెప్పడానికే ఇదంతా.

ఖాసిం సాబ్ నేర్పిన పని

పొదిలికీ కనిగిరికీ మధ్య ఒక చిన్న స్టేషన్‌లో నేను పని నేర్చుకున్నాను. దాని పేరు రాయను. నాకు రైటర్ పని నేర్పినాయన ఖాసిం సాబ్ అనే హెడ్ కానిస్టేబుల్. అంత నిజాయితీపరుణ్ణి నేను మళ్లీ చూడలేదు. ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్లు కూర్చున్నాకే తను కూర్చునేవాడు. ఆడమనిషి ఏడుస్తుంటే పెన్ను కింద పెట్టి ఏడుపు అయిపోయేదాకా ఆగేవాడు. "తొందరేంది నాయనా, కాగితం యాడికీ పోదు, ఆమె చెప్పుకోనీ" అనేవాడు నాతో. నాలో మనిషితనమంటూ ఏదైనా ఉంటే అందులో సగం ఆయన పెట్టిందే.

అంత మంచివాడే నాకు ఈ పాఠం కూడా నేర్పాడు.

ఆ స్టేషన్ పరిధిలో ఒక ఊరి చివర పది పన్నెండు ఎరుకల ఇళ్లున్నాయి. తెల్లదొరల కాలంలో కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని చట్టంలో రాసి, పసిపిల్లలతో సహా పేర్లు ఎక్కించి, రోజూ హాజరు పెట్టించేవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం పోయింది. చట్టం పోయింది గానీ ఆ జాబితా స్టేషన్ బీరువాలోనే ఉండిపోయింది. పేరు మాత్రం మారి సస్పెక్ట్ షీటు అయింది. అంటే, ఇతను నేరం చేసే అవకాశం ఉంది, కనిపెట్టి ఉండాలి అని పోలీసులు ఒక మనిషి పేరున తెరిచే కాగితం. షీటు ఉన్నవాడు ఆదివారం ఆదివారం స్టేషన్‌కు వచ్చి హాజరు పుస్తకంలో వేలిముద్ర వేసి పోవాలి.

కోటయ్య అనే ఎరుకలాయనకు అట్లాంటి షీటు ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఎవరిదో మేకను తోలుకుపోయాడని ఒక్క కేసు. ఆయన చనిపోయాడు. చనిపోయినవాడి షీటు మూసేయాలి కదా, మూసేద్దామా అని ఖాసిం సాబ్‌ను అడిగాను.

"మూసెయ్. కొడుకు ఉండాడు కదా, ఆయప్ప పేరు మీద ఇంకోటి తెరువు" అన్నాడు.

"కొడుకు ఏం చేసినాడు సాబ్?"

"ఆ ఇంటికి ఒక షీటు ఉండాల నాయనా. మొదట్నించీ అంతే."

కొడుకు పేరు దావీదు. కోటయ్య చివరి రోజుల్లో ఆ కుటుంబం క్రైస్తవం పుచ్చుకుంది. దావీదుకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. పిలిపిస్తే వచ్చి నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను కొత్త పెన్ను తీసి నా ముత్యాల్లాంటి అక్షరాలతో ఆ షీటు నింపాను. ఖాసిం సాబ్ చూసి, రాత అంటే ఇదీ అని మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం టీ కూడా తాగించాడు. మంచివాళ్లు పద్ధతిగా చేసే తప్పు పట్టుకోవడం ఎంత కష్టమో చెప్పడానికి నాకు ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

పదింటికి వచ్చే మనిషి

ఆ తర్వాత గిద్దలూరు, వెలిగండ్ల అంటూ నేను చాలా చోట్లు తిరిగి, సర్వీసు చివరి నాలుగేళ్లకు మళ్లీ అదే స్టేషన్‌కు వచ్చాను. మొదటి ఆదివారం సరిగ్గా పది గంటలకు ఒక మనిషి లోపలికి వచ్చి నమస్కారం పెట్టాడు. తల నెరిసింది. చేతుల నిండా పలకరాయి గీతలు. మార్కాపురం పలకల గనుల్లో పని చేసే వాళ్ల చేతులు అట్లాగే ఉంటాయి.

"బాగుండారా సార్?" అన్నాడు.

నేను గుర్తుపట్టలేదు. హాజరు పుస్తకంలో పేరు చూశాక తెలిసింది. దావీదు. నేను పెళ్లి చేసుకుని, పిల్లల్ని పెంచి, జుట్టు ఊడగొట్టుకున్న ఇన్నేళ్లూ ఆయన ప్రతి ఆదివారం వచ్చి వేలిముద్ర వేస్తూనే ఉన్నాడు. ఆయన మీద ఒక్క కేసు లేదు. వచ్చిన ప్రతి ఎస్సై ఆ షీటు చూసి, పాత షీటు కదా, ఏదో ఉండే ఉంటుందిలే అని కొనసాగించాడు. ఆ మధ్యాహ్నం బీరువా తెరిచి షీటు బయటికి తీశాను. ఇంకు కాస్త వెలిసింది. అక్షరాలు మాత్రం నావే, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. గబుక్కున మూసి పెట్టేశాను. ఎవరితోనూ అనలేదు.

కొన్నాళ్లకు దావీదు ఒక సంగతి అడిగాడు. చాలాసేపు నసిగి అడిగాడు.

"సార్, మా చర్చిలో ఆరాధన పదింటికే మొదలైతాది. ఈడ పిలిచిందాకా కూసోని వేలిముద్ర ఏసి, సైకిలెక్కి పోయేసరికి ఆఖరి ప్రార్థన అయితాంటాది. నేను డోలక్ వాయిస్తాను సార్. శనివారం రాత్రి ప్రాక్టీసు చేస్తాను, ఆదివారం ఇంకోడు వాయిస్తాడు. ఒక్క ఆదివారం, గడియారం సూడకుండా, మొత్తం ఆరాధనలో కూసోవాలని ఉండాది."

పండగకు కాదు, పెళ్లికి కాదు, ఒక ఆదివారం కోసం ఆయన అడిగాడు. నేను కాదనలేకపోయాను. అది జాలి అని అప్పట్లో నన్ను నేను మెచ్చుకున్నాను. బీరువాలో ఉన్న నా రాతకు భయపడి ఇచ్చానని ఇప్పుడు అనిపిస్తోంది. శనివారం పని దిగి వచ్చేటప్పుడు స్టేషన్‌కు రమ్మన్నాను. మర్నాటి తేదీ వేసి, శనివారమే వేలిముద్ర వేయించుకున్నాను. ఆ ఒక్క ఆదివారం కాస్తా ప్రతి వారమై, అట్లా ఏడెనిమిది నెలలు నడిచింది. మీరు పోలీసైతే ఈ పని చేయకండి. దొంగ రాత జాలితో రాసినా దొంగ రాతే. షీటు తప్పని తెలిసినప్పుడు షీటు మూయించడానికి పోరాడాలి గానీ, చాటుగా సందు ఇవ్వకూడదు. నేను సులువైన దారి పట్టాను.

సుబ్బయ్య ఇంటి బీరువా

పక్క ఊళ్లో సుబ్బయ్య అనే పెద్ద రైతు ఉండేవాడు. ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ పెళ్లికి కనిగిరి వెళ్లి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఇంట్లో ఇనప బీరువా తెరిచి ఉంది. ఆయన భార్య గొలుసు, గాజులు లేవు. తాళం పగలలేదు, తలుపు విరగలేదు. స్టేషన్‌లో కూర్చోకముందే ఆయన అన్న మాట ఇది:

"ఆ ఎరుకలోళ్లను తెప్పించండి. ఇంకెవురు చేస్తారు?"

అప్పటికి మా ఎస్సై వసంత మేడం. వచ్చి రెండు నెలలు. మా పెద్దమ్మాయి కంటే చిన్నది. పై ఆఫీసరు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న, షీట్లు ఉన్నవాళ్లను పిలిపించావా అని. సోమవారం పొద్దున దావీదును తెచ్చి కూర్చోబెట్టారు.

క్రైమ్ కానిస్టేబుల్ హాజరు పుస్తకం పట్టుకుని మేడం దగ్గరికి వచ్చాడు. "మేడం, నిన్న పదింటికి ఈడు వచ్చినట్టు వేలిముద్ర ఉండాది. నిన్న సెంట్రీలో నేనే ఉంటి. ఈడు రాలా. ముందే వేలిముద్ర పెట్టించుకుని పోయినాడంటే ప్లాను ఏసినట్టే."

మేడం నా వైపు చూసింది. "ఏం రైటర్ గారూ?"

నాకు పదవీ విరమణకు ఏడాదిన్నర ఉంది. "పెందలాడే వచ్చి పోయినాడేమో మేడం, నాకు సరిగ్గా గుర్తు లేదు" అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో అంత నీచమైన వాక్యం ఇంకొకటి అనలేదు. ఆ వాక్యం దావీదును రెండు రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టింది. నిన్న స్టేషన్‌కు వచ్చావా అని ఎన్నిసార్లు అడిగినా ఆయన నోరు విప్పలేదు. వచ్చానంటే అబద్ధం. రాలేదంటే మరి వేలిముద్ర ఎవరు వేయించారన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు నేను. మేడం లేని సమయంలో క్రైమ్ కానిస్టేబుల్ రెండు దెబ్బలు వేశాడు. పక్క గదిలో నేను కాగితాలు సర్దుతున్నాను. ఆ చప్పుడు విన్నాను. దావీదు గొంతు మాత్రం వినపడలేదు.

ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నాను. ముద్ద దిగలేదు. మా ఆవిడ కారణం అడిగి తెలుసుకుని, "మీకేంది, పోతే ఉద్యోగం పోతాది. ఆ మనిషికి ఏం పోతాదో చూసుకున్నారా?" అంది. అంతే అంది, ఇంకేం అనలేదు.

మంగళవారం పొద్దున మేడం గదిలో నిలబడి మొత్తం చెప్పాను. శనివారాల సంగతి, చర్చి సంగతి, అన్నీ. ఆ అమ్మాయి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఈ మాట నిన్న చెప్పాల్సింది" అని లేచి బయటికి వచ్చి దావీదు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"రైటర్ గారు చెప్పారు. నువ్వెందుకు చెప్పలేదు?"

దావీదు తల వంచుకుని అన్నాడు. "ఆ సార్ నాకు ఆదివారం ఇచ్చినాడమ్మా. ఇచ్చినాయన్ను ఎట్ల పట్టిస్తాను?"

నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. యాభై ఏళ్లు దాటిన మగవాణ్ని, యూనిఫాంలో ఉన్నాను, కళ్లనీళ్లు ఆగలేదు. సెంట్రీ చూస్తాడని గోడ వైపు తిరిగాను.

మేడం జీపు వేసుకుని తనే దావీదు చర్చి ఉన్న పల్లెకు వెళ్లింది. పాస్టరు, కూలికి పోకుండా ఉన్న ఆడవాళ్లు, అందరూ ఒకటే చెప్పారు, ఆదివారం దావీదు ఆరాధనలోనే ఉన్నాడని. ఒకామె ఫోన్ తీసి ఆదివారం పాట వీడియో చూపించింది. దావీదు కళ్లు మూసుకుని డోలక్ వాయిస్తున్నాడు. ఆయన వెనక గోడ గడియారంలో పదకొండు దాటింది. మేడం ఆ వీడియో మొత్తం చూసిందట. సాక్ష్యానికి అర నిమిషం చాలు. తర్వాత నాతో అంది, "బాగా వాయిస్తాడండీ."

అక్కడి నుంచి నేరుగా సుబ్బయ్య ఇంటికి వెళ్లి, మొదటి రోజే ఎవరైనా అడగాల్సిన ప్రశ్న అడిగింది: బీరువా తాళం చెవి ఎక్కడ పెడతారో ఎవరెవరికి తెలుసు? సాయంత్రానికి గొలుసు, గాజులు సుబ్బయ్య తమ్ముడి కొడుకు దగ్గర దొరికాయి. అతని బండి సీటు కింద గుడ్డలో చుట్టి ఉన్నాయి.

సుబ్బయ్య మళ్లీ స్టేషన్‌కు వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. "మా పిల్లోడు మేడం, తెలియక చేసినాడు. ఇంటి పరువు. ఏదో ఒకటి చూడండి."

ఆ పిల్లోడికి ఇరవై ఎనిమిదేళ్లు. కేసు రాశాం, తర్వాత వాళ్లు కోర్టులో రాజీ చేసుకున్నారు. అతని పేరు మీద షీటు తెరుద్దామని సుబ్బయ్య అనలేదు, పై ఆఫీసరు అనలేదు, నాకూ తోచలేదు. రేపు అతనికి కొడుకు పుడితే ఆ కొడుకును ఆదివారం పదింటికి పిలిపించాలని ఎవరి కలలోకీ రాదు. దొంగతనం చేసిన ఇరవై ఎనిమిదేళ్లవాడు మాకు పిల్లోడు. ఏమీ చేయని పద్దెనిమిదేళ్లవాడు మాకు అనుమానితుడు. తేడా ఎక్కడుందో మీరే చూసుకోండి.

టీవీల్లో చెప్పనిది

పోలీసు సంస్కరణల మీద టీవీల్లో చర్చలు చూస్తుంటాను. కెమెరాలు పెట్టాలంటారు, రాజకీయ నాయకుల ఒత్తిడి పోవాలంటారు, సిబ్బంది చాలరంటారు. అన్నీ నిజమే. ఈ మధ్య చట్టం పుస్తకాల పేర్లన్నీ మారాయి. ఆ మార్పు గురించి వాదించుకోవడానికి పెద్దవాళ్లున్నారు. నాకు తెలిసింది బీరువా. అందులో పుస్తకాలు మారినా కాగితాలు మారవు. కొత్త ఎస్సై వస్తాడు, పాత కాగితాన్ని నమ్ముతాడు. పాత కాగితం రాసినవాడు అంతకంటే పాతదాన్ని నమ్మి ఉంటాడు. ఎవడూ చెడ్డవాడు కానక్కర్లేదు.

పోలీసులంతా దుర్మార్గులనేవాళ్లతో నాకు పడదు. ఎండలో బందోబస్తుకు నిలబడి కళ్లు తిరిగి పడిపోయే కానిస్టేబుళ్లను చూశాను. దిక్కులేని శవానికి సొంత భుజం ఇచ్చినవాళ్లను చూశాను. ఈ ఉద్యోగాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. మాలో తప్పే లేదనేవాళ్లతోనూ నాకు పడదు. పేరు కంటే ముందు కులం చదివే కన్ను మాకు ట్రైనింగ్‌లో ఎవరూ పెట్టలేదు, బీరువా పెట్టింది.

గ్రౌండులో పరుగెత్తే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. పోస్టింగ్ వచ్చిన మొదటి వారం బీరువా తెరవండి. ప్రతి షీటులో నేరాల కాలమ్ చూడండి. అందులో ఏముందో చదివాకే మిగతాది చదవండి.

చివరి ఆదివారం

వసంత మేడం దావీదు షీటు మూయాలని పైకి రాసింది. ఆ ఉత్తరం నాతోనే రాయించింది. వెనక్కి వస్తే మళ్లీ రాసింది. మూడోసారి స్వయంగా వెళ్లి ఆఫీసరు ముందు కూర్చుందట. నా మీద కూడా రిపోర్టు పంపింది. "పంపక తప్పదండీ" అని నాకే చెప్పి పంపింది. నాకు శిక్ష పడింది. పడాల్సిందే. నేను చూసిన ఎస్సైలందరిలో ఎవరికి సెల్యూట్ చేస్తావని అడిగితే ఈ అమ్మాయికే చేస్తాను.

షీటు మూసిన ఉత్తర్వు వచ్చాక, ఒక ఆదివారం తొమ్మిదిన్నరకు దావీదును పిలిపించాం. కూతురు సుజాతను వెంటబెట్టుకుని వచ్చాడు. మార్కాపురంలో డిగ్రీ చదువుతోంది. ఆయన బల్ల దగ్గరికి వచ్చి అలవాటుగా బొటనవేలు చాపాడు. నేనూ అలవాటుగా ఇంకు ప్యాడు మూత తీశాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"ఇయ్యాల వద్దు దావీదూ" అన్నాను.

"సార్, ఒకటి అడగతాను. ఆ కాగితంలో నా గురించి ఏం రాసినారో ఒక్కసారి ఇనాలని ఉండాది."

షీటు బయటివాళ్లకు చూపించకూడదు. మేడం వైపు చూశాను. "మూసేశాం కదా, చదివించండి" అంది. సుజాతకు ఇచ్చాను.

ఆ అమ్మాయి మొదట పైకి చదవలేదు. పేజీ అంతా ఒకసారి చూసి, "రాత శానా బాగుండాది సార్. ఎవరిది?" అంది.

ఎన్నో ఏళ్లు నేను మురిసిపోయిన మెచ్చుకోలు అది. "నాదేనమ్మా" అన్నాను.

అప్పుడు చదవడం మొదలుపెట్టింది. పేరు దావీదు. తండ్రి కోటయ్య. కులం ఎరుకల. తండ్రి నేరస్థుడు కావున ఇతను కూడా నేరములు చేయు అవకాశము గలదు. ప్రతి ఆదివారం హాజరు కావలెను. ఒక్కో వాక్యానికీ ఆమె గొంతు నెమ్మదించింది. ఒక చోట ఆగిపోయింది.

"సార్, ఇక్కడ, చేసిన నేరాలు అని ఉండాది. దాని ఎదురుగా 'లేవు' అని రాసినారు."

"అవునమ్మా."

"మీరే రాసినారా, లేవు అని?"

"నేనే రాశానమ్మా."

"రాసేటప్పుడు చదువుకోలేదా సార్?"

క్షమించమని అడగడానికి దావీదు వైపు తిరిగాను. ఆయన కూతురి చేతిలోంచి కాగితం మెల్లగా తీసుకుని నా బల్ల మీద పెట్టాడు.

"నాకు తెలుసులేమ్మా" అన్నాడు కూతురితో. "సార్ రాస్తాంటే ఈడనే నిలబడుకోని ఉంటిని. నా గురించి ఎంత ఓపిగ్గా రాస్తాండాడో అనుకున్నా."

ఆ షీటు రాసింది నేనేనని తెలిసే ఆ రెండు రోజులు నోరు విప్పలేదన్నమాట. తెలిసే ఆ రెండు దెబ్బలు తిన్నాడన్నమాట. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఖాసిం సాబ్ ఉంటే ఆయన కూడా లేచేవాడు. సార్, కూసోండి సార్ అని దావీదు కంగారుపడ్డాడు. నేను కూర్చోలేదు.

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. పది కావడానికి పది నిమిషాలుంది.

"పోదాం పామ్మా, డోలక్ నేనే వాయించాల" అన్నాడు.

ఇద్దరూ మెట్లు దిగి వెళ్లారు. పది కొట్టింది. హాజరు పుస్తకంలో ఆ రోజు తేదీ వేసి, ఆయన పేరుకు ఎదురుగా ఉన్న గడిని ఖాళీగా వదిలేశాను.